టీటీ రోబో మొరాయిస్తే బంతి వెళ్లే దారి పట్టుకోండి

టేబుల్ టెన్నిస్ నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో ప్రాక్టీసు రోబో ఒక్క రోజు ఆగినా ఆ లోటు తెలిసిపోతుంది. ఎదురుగా నిలబడి ఆడేవాళ్లు దొరకని ఊళ్లో, కోచింగ్ సెంటర్ ఎక్కడో దూరాన ఉన్నప్పుడు, విసుగు లేకుండా వందల బంతులు వేసిపెట్టేది అదే. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన హైదరాబాదీ ఆకుల శ్రీజను చూసి బ్యాటు పట్టిన పిల్లలు మన దగ్గరా ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలకు ఎదురయ్యే చిక్కు ఒకటే. యంత్రం ఎక్కడో విదేశంలో తయారై వచ్చింది, దాన్ని బాగుచేసేవాళ్లు చుట్టుపక్కల లేరు.

నిజానికి లోపల ఉన్నది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. తొట్టిలో బంతులు పడతాయి. ఒక రెక్క వాటిని ఒక్కొక్కటిగా గొట్టంలోకి నెడుతుంది. గొట్టం చివర తిరిగే చక్రాలు బంతిని పట్టి విసురుతాయి. మోటార్లు, తీగలు, బోర్డు అన్నీ ఈ మూడు పనుల కోసమే. అందుకని బోర్డు పోయిందనో, మోటారు కాలిందనో బెంగపడే ముందు బంతి వెళ్లే దారి వెంటే మీరూ వెళ్లండి. చాలా రోబోలు ఆ దారిలోనే బాగుపడతాయి. ఈ చిట్కాలు రెండు చక్రాల రోబోను మనసులో పెట్టుకుని రాసినవి. ఒక చక్రం, మూడు చక్రాల వాటికీ ఇందులో చాలావరకు పనికొస్తాయి.

1. ముందు ప్లగ్గు పీకండి. రోబో మీది స్విచ్ ఆపితే చాలదు. బంతి ఇరుక్కుని ఆగిపోయిన చక్రం, ఆ బంతిని లాగిన మరుక్షణం గిర్రున తిరుగుతుంది, అప్పటికి మన వేలు అక్కడే ఉంటుంది. బ్యాటరీతో నడిచేదైతే బ్యాటరీ కూడా తీసేయాలి. నడుస్తున్న రోబో మూతిలోకి ఎదురుగా ముఖం పెట్టి చూడకూడదు, చూడాలంటే పక్క నుంచే. పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పండి.

2. వారంటీ ఉంటే మూత విప్పకండి. స్క్రూ మీద సీలు స్టిక్కరు ఉందేమో చూడండి. అది చిరిగితే అమ్మినవాళ్లు బాధ్యత తీసుకోకపోవచ్చు. ఈ కింద చెప్పే బంతుల పరీక్ష, శుభ్రం చేయడం, అడాప్టర్ చూడటం లాంటివి సీలు జోలికి వెళ్లకుండానే చేసుకోవచ్చు.

3. రోబోను అనుమానించే ముందు బంతుల్ని అనుమానించండి. బంతులు ఇరుక్కోవడానికి, ఒకటి దూరంగా ఒకటి దగ్గరగా పడటానికి ఎక్కువసార్లు కారణం బంతులే. తొట్టి మొత్తం ఖాళీ చేసి ఒక్కొక్క బంతినీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వేళ్ల మధ్య తిప్పండి. వెంట్రుకంత పగులు ఉన్నా బొటనవేలితో మెల్లగా నొక్కినప్పుడు అక్కడ లొత్తగా తగులుతుంది. అతుకు ఉన్న బంతి అయితే ఆ గీత వెంట మరీ జాగ్రత్తగా చూడాలి, చాలా బంతులు అక్కడే విచ్చుకుంటాయి. తర్వాత గచ్చు మీద వదిలి చప్పుడు వినండి. మంచి బంతి టక్కుమని మోగుతుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. ఆఖరున నున్నటి బల్ల మీద బొంగరంలా తిప్పండి. గుండ్రంగా ఉన్న బంతి ఒకచోట నిలిచి తిరుగుతుంది, వంకర తేలింది ఊగుతూ పక్కకు పోతుంది. ఊగినవాటిని పక్కన పెట్టేయండి. సర్వీసు నేర్చుకోవడానికి పనికొస్తాయి కానీ రోబోలో వేయొద్దు.

కొలతల సంగతీ తెలిసి ఉండాలి. 2000 సంవత్సరం దాకా పోటీల్లో ఆడిన బంతి 38 మి.మీ., సిడ్నీ ఒలింపిక్స్ తర్వాత అది 40 మి.మీ. అయింది. బరువు 2.7 గ్రాములు. 2014 నుంచి సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది. బంతి మీద 40 పక్కన కూడిక గుర్తు ఉంటే అది ప్లాస్టిక్‌దని అర్థం, పాత సెల్యులాయిడ్ బంతి కన్నా అది పిసరంత పెద్దది. రెండు రకాలూ ఒకే తొట్టిలో కలిపేస్తే చక్రం ఒకదాన్ని గట్టిగా, ఒకదాన్ని వదులుగా పడుతుంది. అప్పుడు ఎన్ని సెట్టింగులు మార్చినా బంతి ఒకేచోట పడదు. ఎవరో వాడి ఇచ్చిన బాగా పాత రోబో అయితే అది 38 మి.మీ. బంతికి చేసిందేమో చూసుకోండి. అలాంటిదానిలో ఇప్పటి బంతి ఇరుక్కోవడం దాని జబ్బు కాదు.

4. కొత్త బంతుల్ని కడిగి వేయండి. పెట్టెలోంచి తీసిన కొత్త బంతుల మీద సన్నటి తెల్లపొడి ఉంటుంది. ఆ పొడి వల్ల బంతి గొట్టంలో పట్టేస్తుంది, చక్రానికి మాత్రం జారిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి బంతుల్ని చేత్తో రుద్ది, మంచినీళ్లతో కడిగి, నీడలో పాత తువ్వాలు మీద ఆరబెట్టండి. మరిగే నీళ్లు, ఎండ రెండూ వద్దు, బంతి ఆకారం చెడుతుంది. వాడుతున్న బంతుల్నీ అప్పుడప్పుడు ఇలాగే కడగాలి. నేల మీద దొర్లి దొర్లి అవి మోసుకొచ్చే దుమ్మే చివరికి రోబో కడుపులో చేరుతుంది.

5. ఒక్క బంతిని చేత్తో నడిపించండి. ప్లగ్గు తీసే ఉందిగా. మంచి బంతి ఒకటి తీసుకుని తొట్టిలో వేసి, రెక్కను వేలితో తిప్పుతూ, బంతి గొట్టంలోకి దిగి చక్రాల దగ్గరికి చేరేదాకా పోనివ్వండి. ఎక్కడ ఆగింది? ఎక్కడ గోడకు రాసుకుంది? ఎక్కడ రెండు బంతులు ఒకేసారి దూరడానికి చూస్తున్నాయి? జవాబు అక్కడే దొరుకుతుంది. రెక్క కొన వంగి ఉండొచ్చు, చిన్న స్ప్రింగు ఊడి ఉండొచ్చు, బంతుల్ని పట్టే వల నుంచి తెగిన దారమో, చిరిగిన స్టిక్కరు ముక్కో అడ్డం పడి ఉండొచ్చు. ఇరుక్కున్న బంతిని స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. గొట్టం లోపల గీత పడితే రేపు ప్రతి బంతీ అక్కడే ఆగుతుంది. పెన్సిల్ వెనక రబ్బరు కొనతో నెట్టండి.

6. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. నడుస్తున్నప్పుడు మాత్రమే వచ్చే తేడా కంటికి అందదు. రోబోకు పక్కగా, బంతి దారికి అడ్డం లేకుండా ఫోన్ నిలబెట్టి ఓ నిమిషం తీయండి. పాత బంతికి సగం మేర మార్కర్‌తో రంగు పూసి, ఆరాక తొట్టిలో వేస్తే, అది గాల్లో ఎటు తిరుగుతోందో వీడియోలో స్పష్టంగా కనబడుతుంది. తర్వాత ఎవరికైనా చూపించి సలహా అడగాలన్నా ఈ వీడియోనే పనికొస్తుంది.

7. పడే బంతిని బట్టి ఏ చక్రానికి జబ్బో చెప్పొచ్చు. రెండు చక్రాల రోబోలో పై చక్రం ఎక్కువ వేగంగా తిరిగితే టాప్‌స్పిన్, కింది చక్రం వేగంగా తిరిగితే బ్యాక్‌స్పిన్ వస్తుంది. రెండూ సమానమైతే స్పిన్ లేని బంతి వస్తుంది. కాబట్టి రెంటినీ సమానంగా పెట్టి బంతులు వేయించండి. సమానంగా పెట్టినా బంతి దగ్గర్లోనే పడి, బ్యాటుకు తగలగానే నెట్‌లోకి దిగిపోతోందా? పై చక్రం మందగించింది, కిందది ఒక్కటే పనిచేస్తోంది. బంతి చప్పున కిందికి దిగి, టేబుల్‌కు తగిలాక ముందుకు దూకుతోందా? కింది చక్రం సంగతి చూడండి. ఇలా తేల్చుకుంటే మూత విప్పాక అటూ ఇటూ వెతుక్కోకుండా నేరుగా ఆ మోటారు దగ్గరికే వెళ్లొచ్చు.

మందగించిన చక్రం అంటే మోటారు పోయినట్టే అనుకోకండి. చక్రం నున్నబడినా, షాఫ్టుకు జుట్టు చుట్టుకున్నా, తీగ సరిగ్గా ఆనకపోయినా ఇదే లక్షణం కనబడుతుంది. తర్వాతి చిట్కాలు ఆ వరసలోనే ఉన్నాయి. చవకైన కారణం నుంచి ఖరీదైన కారణానికి వెళ్లడమే పద్ధతి.

8. చక్రాల రబ్బరు శుభ్రం చేయండి. వాడగా వాడగా రబ్బరు మీద బంతుల పొడి పేరుకుని అద్దంలా నున్నగా మెరుస్తుంది. అప్పుడు బంతికి పట్టు దొరకదు, వేగం తగ్గుతుంది. తడిపి పిండిన గుడ్డతో చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడవండి. మొండి మరక ఉంటే ఫోన్ రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు కొద్దిగా అద్దుకోండి. పెట్రోలు, థిన్నర్ తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. అప్పటికీ మెరుస్తూనే ఉంటే 400 నంబరు ఎమరీ పేపర్‌తో చుట్టూ ఒకే ఒత్తిడితో పైపైన రెండు చుట్లు రుద్దండి, చాలు. ఎక్కువ రుద్దితే చక్రం సన్నబడి రెండు చక్రాల మధ్య సందు పెరుగుతుంది. ఆ సందు బంతి కన్నా కొంచెం తక్కువ ఉంటేనే రబ్బరు అణిగి బంతిని పట్టుకుంటుంది. రబ్బరు అరిగి గాడి పడితే ఇక రుద్ది లాభం లేదు, కొత్తవి వేయాల్సిందే. వేసేటప్పుడు రెండూ కలిపి మార్చండి. ఒకటి పాతది, ఒకటి కొత్తదైతే స్పిన్ లెక్క తప్పుతుంది.

9. షాఫ్టు దగ్గర జుట్టు తీయండి. చక్రానికీ మోటారుకూ మధ్య టార్చి వేసి చూస్తే సన్నటి నల్లటి చుట్ట కనబడొచ్చు. నేల మీది పొడుగు వెంట్రుకలు, దారప్పోగులు బంతులతో పాటు వచ్చి అక్కడ చుట్టుకుని బేరింగ్‌ను బిగపట్టేస్తాయి. బ్లేడుతో షాఫ్టు పొడుగునా ఒక గీత గీసి, పట్టుకారుతో పోగులు పోగులుగా లాగేయండి. తర్వాత బేరింగ్ దగ్గర కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తే సరిపోతుంది. రెండో చుక్క వేస్తే అది చిమ్మి రబ్బరు మీద పడుతుంది, ఎనిమిదో చిట్కా మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.

10. మూత విప్పేటప్పుడు అడుగడుక్కీ ఫొటో తీయండి. ఏ రంగు తీగ ఎక్కడ ఉందో, ఏ స్క్రూ పొడుగో ఫొటోనే చెబుతుంది. తీసిన వరసలోనే స్క్రూలను మందుల పెట్టె గదుల్లో వేసుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఒక కిటుకు ఉంది. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూను ముందు వెనక్కి తిప్పండి, పాత మరలోకి టిక్కుమని పడ్డాక అప్పుడు ముందుకు తిప్పండి. కొత్త దారి చేసుకుని దిగిందంటే రెండు మూడు సార్లకే ఆ రంధ్రం వదులైపోతుంది.

11. తల ఊగే చోట తీగను నమ్మకండి. రోబో తల ఎడమకూ కుడికీ ఊగుతూ బంతులు వేస్తుంది. తీగలూ దాంతో పాటే వంగుతుంటాయి, గంటకు వందల సార్లు. లోపలి రాగి పోగులు ఒక్కొక్కటీ తెగిపోతాయి, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. చూస్తే ఏ తేడా తెలియదు. తల ఎడమకు తిరిగితే మోటారు ఆగడం, కుడికి రాగానే మళ్లీ తిరగడం దీని గుర్తు. బోర్డు పోయిందని చెప్పి పక్కన పడేసిన రోబోల్లో ఇలాంటి తీగ జబ్బువి ఉంటాయి, అందుకే దీని దగ్గర కాస్త ఓపిక పట్టమంటున్నాను.

పరీక్ష ఇలా చేయాలి. ప్లగ్గు తీసి, మల్టీమీటర్‌ను బీప్ వచ్చే స్థానంలో పెట్టి, ఒక్కో తీగ రెండు కొసలకూ ముల్లులు ఆనించండి. బీప్ వస్తుండగానే తీగను వంపు దగ్గర వేళ్లతో అటూ ఇటూ వంచండి. బీప్ తెగి తెగి వస్తే దొంగ దొరికినట్టే. ఆ చోట తొడుగు ఒలిచి చూస్తే తెగిన పోగులు కనబడతాయి, కొన్నిసార్లు పచ్చగా చిలుమెక్కి ఉంటాయి. అక్కడికక్కడే మెలిపెట్టి టేపు చుట్టకండి, వారం తిరక్కుండా మళ్లీ ఊడుతుంది. వంపు మొత్తం దాటేలా కొత్త తీగ వేయండి. సన్నటి పోగులు ఎక్కువగా ఉండే సిలికాన్ తొడుగు తీగ అయితే వంపును బాగా తట్టుకుంటుంది, డ్రోన్లు, రిమోట్ కార్ల సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది. అతుకు ఊగని చోట వచ్చేలా చూసుకుని, సోల్డరింగ్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి. తల పూర్తిగా అటు తిరిగినా, ఇటు తిరిగినా తీగ బిగుసుకోకుండా కొంచెం వదులు ఉంచి, జిప్ టైతో కట్టండి.

సోల్డరింగ్ చేసే బల్ల మీద పాత సెల్యులాయిడ్ బంతులు ఉంచకండి. ఆ పదార్థం క్షణంలో భగ్గుమంటుంది.

12. అడాప్టర్‌ను పని మీద ఉన్నప్పుడు కొలవండి. 12 వోల్టుల అడాప్టర్ ఊరికే ఉన్నప్పుడు 12 చూపించి, చక్రాలు తిరగగానే 9కి పడిపోతే లోపం అక్కడే. చక్రాలు మొదలై ఆగడం, లైట్లు మినుకుమనడం, తల ఊగడం మొదలుపెట్టగానే వేగం తగ్గడం దీని లక్షణాలు. అడాప్టర్ డబ్బాను మాత్రం విప్పొద్దు. లోపలికి వచ్చేది 230 వోల్టులు, ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. కొత్తది కొనడమే మంచిది.

కొనేటప్పుడు పాతదాని మీది మూడు విషయాలు చూడండి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, ఎక్కువ ఉన్నా పర్వాలేదు, తక్కువ కుదరదు. పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ రెంటి మీదా ఒకేలా ఉండాలి. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. గుండ్రటి పిన్నులు బయటికి 5.5 మి.మీ. ఒకేలా కనబడినా లోపలి రంధ్రం 2.1 మి.మీ., 2.5 మి.మీ. అని రెండు రకాలు ఉంటాయి. తేడా పడితే పిన్ను అసలు దూరదు, లేదా దూరి వదులుగా ఊగుతూ ఉంటుంది. పాతది పట్టుకుని షాపుకు వెళ్లండి. మీ రోబోకు 12 వోల్టులే కావాలంటే సీసీటీవీ కెమెరాల సామాను అమ్మేచోట సరైనది దొరికే అవకాశం ఎక్కువ.

13. ఫ్యూజు పోతే అంతే ఆంపియర్ల ఫ్యూజు వేయండి. తీగ ముక్కో, సిగరెట్ పెట్టె రేకో పెట్టడం ఇంటికే ప్రమాదం. ఫ్యూజు కనబడకపోయినా, ఆగిన రోబో కాసేపటికి తనంతట తానే బతుకుతుంటే లోపల చల్లారాక తిరిగి కలిసే రకం ఉందని అర్థం. అలాంటప్పుడు ఎందుకు వేడెక్కుతోందో వెతకాలి. ఇరుక్కున్న బంతో, బిగుసుకున్న షాఫ్టో కారణమై ఉంటుంది.

14. మోటారు పోయిందని మీటరు చెప్పాకే నమ్మండి. రెండు తీగల మోటారు అయితే తీగలు విడదీసి, మీటరును ఓమ్‌ల దగ్గర పెట్టి కొలవండి. బాగున్న మోటారు కొద్ది ఓమ్‌లు చూపిస్తుంది, షాఫ్టును మెల్లగా తిప్పుతుంటే అంకె కొంచెం అటూ ఇటూ కదులుతుంది. తిప్పుతున్నప్పుడు మధ్యమధ్య ఏమీ చూపించకపోతే లోపలి కార్బన్ బ్రష్షులు అరిగాయి. మూడు తీగలు ఉంటే అది బ్రష్షులు లేని మోటారు. ఏ రెండు తీగల మధ్య కొలిచినా ఒకే అంకె రావాలి.

రెండు చక్రాల మోటార్లూ ఒకే రకమైతే, పోయిందనుకున్నది కూడా మీటరు మీద సరిగ్గానే చూపిస్తుంటే, రెంటి తీగలూ ఒకదానికొకటి మార్చి నడిపి చూడండి. చక్రాలు తిరిగే దిశ మారకుండా ప్లస్, మైనస్ చూసుకోవాలి. లోపం అదే చక్రం దగ్గర ఉండిపోతే మోటారుది. అవతలి చక్రానికి మారితే బోర్డుదో, తీగదో.

కొత్త మోటారు కొనాలంటే డబ్బా మీది 555, 775 లాంటి అంకె ఒక్కటే సరిపోదు. అది సైజు మాత్రమే. వోల్టులు, నిమిషానికి తిరిగే చుట్లు, షాఫ్టు మందం, బయటికి ఉన్న పొడవు, స్క్రూ రంధ్రాల దూరం అన్నీ కలవాలి. 555కు సాధారణంగా షాఫ్టు 3.2 మి.మీ. దగ్గర, 775కు 5 మి.మీ. ఉంటుంది. చక్రాన్ని పాత షాఫ్టు నుంచి తీసేటప్పుడు సుత్తితో కొట్టకండి, షాఫ్టు వంగితే చక్రం జీవితాంతం వణుకుతుంది. రెండు వైపులా సమానంగా లాగాలి. పాత మోటారు కాళ్ల మధ్య 104 అని రాసి ఉన్న చిన్న బిళ్ల ఉంటే దాన్ని కొత్తదానికీ అతికించండి. మోటారు పుట్టించే విద్యుత్ రొదను అది అణిచిపెడుతుంది. అది లేకపోతే రిమోట్ పిచ్చిపిచ్చిగా ప్రవర్తించవచ్చు.

15. కటకట చప్పుడు వస్తే ఫీడింగ్ గేరు చూడండి. బంతుల్ని అందించే మోటారు మెల్లగా తిరుగుతుంది, దాని వెనక ప్లాస్టిక్ గేర్లు ఉంటాయి. ఇరుక్కున్న బంతి మీద మోటారును అలాగే తిరగనిస్తే పళ్లు విరుగుతాయి. విరిగిన ముక్కలన్నీ ఏరేయండి, ఒక్కటి మిగిలినా అది మంచి పళ్లనూ తినేస్తుంది. గేరు దొరక్కపోతే పాతదాన్ని నమూనాగా ఇచ్చి 3డీ ప్రింటింగ్ చేసేవాళ్ల దగ్గర చేయించవచ్చు. పళ్ల లెక్క, మందం, మధ్య రంధ్రం ముగ్గురి చేతా కొలిపించినా తప్పులేదు. ప్లాస్టిక్ గేర్లకు సిలికాన్ గ్రీజు పల్చగా పూయండి. స్కూటర్ గ్రీజు కొన్ని రకాల ప్లాస్టిక్‌కు పడదు.

16. రోబో తలను చేత్తో తిప్పకండి. తల ఊపే సర్వో మోటారులో గేరు పళ్లు మరీ సన్నవి. ఆపి ఉన్నప్పుడు బలవంతంగా తిప్పినా విరుగుతాయి. టేబుల్ మీద నుంచి దింపేటప్పుడు తల పట్టుకుని ఎత్తడం పిల్లలకు అలవాటు. మొండెం పట్టుకుని ఎత్తమని నేర్పండి.

17. నాబ్ తిప్పితే వేగం ఎగిరెగిరి పడుతుంటే కాంటాక్ట్ క్లీనర్ వాడండి. నాబ్ వెనక చిన్న సందులో ఒక్కసారి కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు పదిపదిహేను సార్లు తిప్పండి. ఆరాకే ప్లగ్గు పెట్టాలి.

18. రిమోట్ పనిచేయకపోతే ఫోన్ కెమెరాతో చూడండి. టీవీ రిమోట్ రకమైతే బటన్ నొక్కినప్పుడు దాని ముందున్న చిన్న బల్బు కెమెరాలో వెలిగి కనబడుతుంది, మామూలు కంటికి కనబడదు. వెనక కెమెరాలో కనబడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి. వెలుగుతుంటే రిమోట్ బాగానే ఉంది, రోబో వైపు వెతకాలి. రేడియో, బ్లూటూత్ రకాలకు ఈ పరీక్ష పనికిరాదు. సెల్స్ కారి స్ప్రింగులకు పొక్కులు కట్టి ఉంటే, వేళ్లకు అంటకుండా గీరేసి, ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. పిల్లల పరీక్షల నెలల్లో రోబో మూలనే ఉంటుంది కదా, అప్పుడు సెల్స్ తీసి పెట్టండి.

19. తొట్టి నిండా బంతులున్నా బంతులు లేవని చూపిస్తే సెన్సర్ మీద దుమ్ము ఉంది. గొట్టం పక్కన ఎదురెదురుగా ఉండే రెండు చిన్న కళ్లను ఇయర్‌బడ్‌తో తుడిస్తే చాలు.

20. విరిగిన ప్లాస్టిక్‌కు జిగురు ఎంచుకుని వాడండి. ఫెవిక్విక్ క్షణంలో పడుతుంది కానీ వణుకుకు నిలవదు. కదలని చోట విరిగితే ఎం-సీల్ మంచిది, రెండు వైపులా గరుకు చేసి పెట్టి, ఒక రాత్రి వదిలేయాలి. ముక్క లోపలి వైపు ఏబీఎస్ అని అక్షరాలు ఉంటే జిగురు బాగా పడుతుంది. పీపీ అని ఉంటే ఏ మామూలు జిగురూ నిలవదు, పల్చటి అల్యూమినియం పట్టీ పెట్టి రెండు చిన్న స్క్రూలు బిగించండి.

21. వల చిరుగును చిన్నగా ఉన్నప్పుడే కుట్టండి. ఒక కన్ను తెగితే బంతి దూరుతుంది, దూరిన బంతి మంచం కిందికి పోయి దుమ్ము పట్టుకుని తొట్టిలోకి తిరిగి వస్తుంది. నైలాన్ దారంతో ముడి మీద ముడి వేసి, కొసను అగ్గిపుల్ల సెగ చూపించి కరిగించండి, వల రోబో నుంచి విడదీసి, బంతులన్నీ దూరం పెట్టాకే. కాకినాడ, భీమిలి వంటి తీరం ఊళ్లలో ఉండేవాళ్లు చేపల వలలు అల్లేవాళ్లకు చూపిస్తే చిటికెలో చేసిపెడతారు. వాళ్ల ముడి జారదు.

22. ఉప్పుగాలికి, ఎండకు వేర్వేరు జాగ్రత్తలు. విశాఖ లాంటి చోట్ల స్క్రూలు, స్ప్రింగులు, పిన్నులు తుప్పు పట్టేస్తాయి. ఆడటం అయ్యాక మూత వేసిన ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, స్ప్రింగులకు అప్పుడప్పుడు నూనె అద్దిన గుడ్డ రాయండి. రాయలసీమలో, తెలంగాణలో మే నెల రేకుల గదిలో, కారు డిక్కీలో రోబోను వదలకండి. బంతులు వంకర పోతాయి, రబ్బరు గట్టిపడుతుంది.

23. సామాను ఎక్కడ దొరుకుతుంది? మోటార్లు, పిన్నులు, తీగలు, నాబ్‌లకు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు. పాత భాగం చేతిలో లేకుండా వెళ్లకండి. రబ్బరు చక్రాలు, ఫీడింగ్ రెక్క మాత్రం కంపెనీవే కావాలి. ఒకసారి తెప్పించేటప్పుడే రెండో జత కూడా తెప్పించుకోండి, రవాణా ఖర్చు కలిసొస్తుంది.

24. కొన్నింటి జోలికి మనం వెళ్లకూడదు. లిథియం బ్యాటరీ ఉబ్బి ఉంటే గుచ్చకండి, ఛార్జింగ్ పెట్టకండి. ఇంటి బయట మండే వస్తువులు లేని చోట ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు అప్పగించండి. బోర్డు మీద నల్లగా కాలిన మచ్చ, కాలిన వాసన ఉంటే అది మల్టీమీటర్‌తో తేలే పని కాదు. బోర్డులు బాగుచేసే టెక్నీషియన్‌కు ఆరో చిట్కాలో తీసిన వీడియోతో సహా ఇవ్వండి.

25. బాగుచేశాక వెంటనే పూర్తి వేగం పెట్టకండి. మధ్యస్థం వేగంలో, తల ఊగకుండా, స్పిన్ లేకుండా పెట్టి, టేబుల్ అవతలి సగంలో బంతి పడేచోట ఏ4 కాగితం ఒకటి టేపుతో అంటించండి. ఇరవై బంతులు వేయించి ఎన్ని కాగితం మీద పడ్డాయో పిల్లవాడినే లెక్కపెట్టమనండి. ఆ అంకె, ఆ రోజు సెట్టింగు తొట్టి మూత లోపల రాసిపెట్టండి. ముందు ముందు తేడా అనిపించినప్పుడల్లా ఇదే పరీక్ష పెట్టి పోల్చుకోవచ్చు. తర్వాత పావుగంట నడిపి, ప్లగ్గు తీసి, మోటార్ల డబ్బాలు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ చక్రాన్ని చేత్తో తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తుంటే ఇంకోసారి మూత విప్పి, షాఫ్టు దేనికి రాసుకుంటోందో వెతకండి.